నల్లమలలో మూడేళ్లు: లేజర్ స్కానర్‌కు కనపడనివి

చేత్తో పట్టుకుని నడుస్తూ చెట్లు కొలిచే లేజర్ స్కానర్ వాడబట్టి మూడేళ్లయింది. కొన్నప్పుడు "ఇక టేపుతో పనుండదు" అన్నారు. టేపు ఇంకా నా సంచిలోనే ఉంది.

పని మాత్రం తొందరగా అవుతుంది, కాదనను. చెట్లు కొలవడానికి గుర్తుపెట్టుకునే 0.1 హెక్టారు ప్లాటు, అంటే సుమారు 31.6 మీటర్ల చదరం, ఇద్దరం టేపు పట్టుకుంటే ఒక పూట పట్టేది. ఇప్పుడు పావుగంట నడక. కింద పొదలు లేకపోతే, చిరుమాను లాంటి నున్నటి మానుకు టేపుకీ స్కానర్‌కీ సెంటీమీటరు తేడా కూడా రాదు.

చిక్కంతా మిగతా అడవితోనే. ఒక మద్దికి అడ్డతీగ చుట్టుకుని ఉంది. తీగ కింద నుంచి టేపు దూర్చి కొలిస్తే చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. స్కానర్ తీగనీ మానునీ కలిపి ఒక్కటే గుండ్రం గీసి 107 చూపించింది. తీగ లేని నల్లమద్దికి ఇంకో తంటా. దాని బెరడు మొసలి వీపులా పగుళ్లు పగుళ్లుగా ఉంటుంది. టేపు ఆ గడ్డల మీదుగా పోతుంది, లేజర్ చుక్కలు, అంటే కిరణం తగిలినచోటల్లా స్కానర్ నమోదు చేసే బిందువులు, పగుళ్లలోకి దిగుతాయి. దాంతో లెక్క కాస్త తగ్గుతుంది.

ఇంకోటి, మొదటి ఏడాది నేను గమనించనే లేదు. మాను చుట్టుకొలత తీసే ఎత్తును ఛాతీ ఎత్తు అంటాం, మన దగ్గర అది నేల నుంచి 1.37 మీటర్లు. సాఫ్ట్‌వేర్‌లో ముందే పెట్టి ఉన్నది 1.3. పైగా వాలు మీద మనం ఎగువ వైపు నిలబడి కొలుస్తాం, అది తనకు తోచిన నేల నుంచి లెక్కపెడుతుంది. మొదలు దగ్గర ఉబ్బిన టేకుకు ఈ తేడా బాగానే తగులుతుంది.

ఎత్తు సంగతి అడక్కండి. ఒకే టేకు అక్టోబరులో 14 మీటర్లు, ఆకు రాలాక మార్చిలో 17. ఎండల్లో చెట్టు మూడు మీటర్లు పెరగలేదు కదా! చాటంత ఆకులు కిరణాన్ని కిందే ఆపేస్తే కొస కనపడదు. వెదురు పొద వెనకున్న చెట్లయితే కొన్ని లెక్కలోకే రావు, చుట్టూ తిరిగి వచ్చినా సగం మానే దొరుకుతుంది. మధ్యాహ్నం గాలి లేస్తే చిటారు కొమ్మలు రెండేసి కనపడతాయి. వాన పడ్డ పొద్దున తడి బెరడు నుంచి చుక్కలు పలచగా వస్తాయి, ఆ రోజు పని ఆపేయడమే మేలు.

ఒకసారి బలమైన మద్దికి తెరమీద ఘనపరిమాణం చూసి మురిసిపోతున్నాను. మాతో వచ్చే చెంచు పెద్దాయన కర్రతో మానును రెండు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి విన్నాడు. "సారూ, ఇది బోలు. లోపలంతా తొర్రే" అన్నాడు. యంత్రానికి పైతోలే తెలుసు.

అయినా అమ్మేయను. నడుము నొప్పి తగ్గింది మరి. ఇప్పుడు స్కాన్‌లు మార్చి, ఏప్రిల్‌లలోనే, పొద్దున్నే చేస్తున్నాను. ప్లాటుకు పది చెట్లు టేపుతో కొలిచి సరిచూసుకుంటాను. తీగలున్న చెట్లకు ముందే సుద్దతో గుర్తు పెడతాను. పెద్దాయన కర్ర సరేసరి.