పాత ట్రక్కుకు హబ్బులు మార్చి ఆరేడు కోతలైంది: ఎలా ఉన్నాయంటే

ట్రాక్టర్ వెనక తగిలించే పాత ట్రక్కుకు సరిపోయే డిస్కులు (టైరు ఎక్కించే ఇనుప చక్రాలు) దొరక్క తిరుగుతున్నవాళ్లకు ముందే ఒక మాట. డిస్కుల కోసం తిరగడం ఆపి, హబ్బులు, అంటే ఇరుసు కొనన బేరింగుల మీద తిరుగుతూ డిస్కును బోల్టులతో పట్టి ఉంచే దిమ్మలు, మార్చే సంగతి చూడండి. హబ్బు మామూలుగా దొరికే రకమైతే డిస్కు దానంతట అదే దొరుకుతుంది. మేం ఆ పని చేసి ఆరేడు కోతలు దాటాయి. ఈలోపు ఆ ట్రక్కు వడ్లు తోలింది, ఎరువు తోలింది, ఇసుక, ఇటుక, రొయ్యల మేత, ఒకసారి పెళ్లి సామాను కూడా తోలింది. బేరింగులు ఇంకా అప్పుడు వేసినవే. బాగున్నదీ బాగాలేనిదీ రెండూ చెబుతా.

మాది బుచ్చిరెడ్డిపాళెం వైపు. ట్రక్కు మా నాయన చేయించింది, రెండు చక్రాల జాకీ ట్రక్కు (తొట్టిని జాకీతో పైకి లేపి లోడు దించేది). ఊళ్లలో వెల్డింగ్ షాపుల్లో తయారైన ఇలాంటివాటికి కంపెనీ పుస్తకం ఉండదు, పార్టు నంబరు ఉండదు. ఆ రోజు ఏ అచ్చు ఉంటే ఆ హబ్బు పోసి ఇచ్చారు. మా దానికి ఆరు బోల్టులు. నట్లు వదులవడం, మళ్లీ బిగించడం, ఏళ్ల తరబడి ఇదే తంతు కావడంతో డిస్కు రంధ్రాలు కోలగా సాగిపోయాయి. ఒక డిస్కుకైతే రంధ్రానికీ రంధ్రానికీ మధ్య సన్నటి పగులు పాకింది. వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందన్నారు కొందరు. అలాంటి డిస్కుతో ఐదు పుట్ల వడ్లేసుకుని హైవే ఎక్కే ధైర్యం నాకు లేదు. మా నెల్లూరు పుట్టి 850 కిలోలు. ఐదు పుట్లంటే 4,250 కిలోలు, ఆపైన ట్రక్కు సొంత బరువు. కొంత ట్రాక్టర్ హుక్కు మీద పడినా, మిగతాదంతా మోసేది ఆ రెండు డిస్కులే.

నెల్లూరు ఆటోనగర్, కావలి, ఒంగోలు, పాత ఇనుప కొట్లు, అన్నీ చూశాం. ఆరు బోల్టుల డిస్కులు కనపడతాయి, మన హబ్బుకు కూర్చోవు. ఒకచోట "అదే సైజు, కళ్లు మూసుకుని తీసుకుపో" అని ఇచ్చారు. ఇంటికొచ్చి పెడితే మూడు బోల్టులు దూరాయి, మిగతా మూడూ రంధ్రం అంచుకు ఆనుకుని నిలబడ్డాయి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే ఎక్కుతుంది. కానీ బోల్టు వంగిన కాడికి నట్టు నిలవదు. వాపసు ఇవ్వబోతే సగం డబ్బులే చేతిలో పెట్టారు.

అందుకే బజారుకు వెళ్లేముందు పీసీడీ కొలుచుకోవాలి. బోల్టులన్నీ ఏ వలయం మీద ఉన్నాయో ఆ వలయం అడ్డుకొలత అది. బోల్టులు సరిసంఖ్యలో ఉంటే సులువు: ఒక రంధ్రం బయటి అంచు నుంచి సరిగ్గా ఎదురు రంధ్రం లోపలి అంచు వరకు టేపు పెట్టండి, అదే పీసీడీ. రంధ్రాల మధ్యబిందువులు వెతుక్కోనక్కర్లేదు. ఐదు బోల్టులైతే ఎదురుగా రంధ్రం ఉండదు కాబట్టి పక్కపక్క రెండు రంధ్రాల మధ్య దూరం ఇలాగే కొలిచి 1.7తో గుణించాలి. దాంతోపాటు మధ్య రంధ్రం కొలత, స్టడ్డు (హబ్బుకు బిగించి ఉండే బోల్టు) మందం, నట్టు కూర్చునే చోటు వాలుగా ఉందా బల్లపరుపుగా ఉందా కూడా చూడాలి. వాలు నట్టు పెట్టాల్సిన చోట బల్లపరుపు నట్టు పెడితే ఎంత బిగించినా డిస్కు నడిమికి కూర్చోదు.

ఆటోనగర్‌లో ఒక లేత్ మేస్త్రి దగ్గర ఈ గోడంతా చెప్పుకుంటే ఆయన అన్నది ఒకటే: "డిస్కు సంగతి తర్వాత చూద్దామన్నా. ముందు హబ్బు ఊడదీసి బేరింగు నంబరు చూసుకుని రా."

అసలు దారి దొరికింది అక్కడే. ఇరుసు బాగుంటే దాని కొనకు పట్టే బేరింగు ఏదో తెలుసుకుని, ఆ బేరింగు పట్టే హబ్బు తెచ్చుకుంటే చాలు. బోల్టులు ఎన్నయినా మనకు అనవసరం, ఎందుకంటే డిస్కులూ మారుతున్నాయి కదా. హబ్బు ఊడదీసి కిరసనాయిలుతో గ్రీజు కడిగితే, లోపలివైపు పెద్ద బేరింగు కోను (ఇరుసు మీద కూర్చునే వలయం) అంచు మీద 30211 అని చెక్కిన నంబరు బయటపడింది. ఈ రకం నంబర్లలో చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం మిల్లీమీటర్లలో వస్తుంది. 11 అంటే 55. ఇరుసు మీద వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) పెట్టి చూశాం, 55 సరిగ్గా ఉంది, కోను తిరిగి అరిగిన గాట్లు లేవు. అక్కడ అరుగుదల ఉండి ఉంటే హబ్బు మార్చినా దండగే. ఇరుసుతో సహా సెట్టు కొనుక్కోవాల్సిందే.

తెచ్చిన హబ్బు ఎనిమిది బోల్టులది, పీసీడీ 275 మిల్లీమీటర్లు. అందులో వచ్చిన లోపలి బేరింగు మాత్రం 32211. దానికీ 30211కీ లోపలి కొలత 55, బయటి కొలత 100, రెండూ సమానం. చేత్తో పట్టుకుంటే ఒకటే అనిపిస్తాయి. మందంలో ఉంది తేడా: 30211ది 22.75 మిల్లీమీటర్లు, 32211ది 26.75. నాలుగు మిల్లీమీటర్లే కదా అనుకుంటాం. ఎక్కించి చూస్తే హబ్బు ఆ నాలుగూ బయటికి జరిగింది, చివర గాడుల నట్టు కూడా జరిగింది, నట్టు తిరిగి ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను రంధ్రం నట్టు కింద దాక్కుంది. పిన్ను లేకుండా నడిపితే చక్రం ఏ రోజో మనకంటే ముందు వెళ్తుంది. మేస్త్రి హబ్బులో కప్పు (బేరింగు బయటి వలయం) కూర్చునే మెట్టును లేత్ మీద నాలుగు మిల్లీమీటర్లు లోతుకు తీశాడు, అంతా సరిపోయింది. ఆ పనికి తీసుకున్న కూలి కన్నా మధ్యలో తాగిన టీలకే ఎక్కువైందేమో.

డిస్కులు లారీల నుంచి విప్పినవి తీసుకున్నాం, 7.00-20 రిమ్ము (వెడల్పు, అడ్డుకొలత అంగుళాల్లో). ఉన్న 9.00-20 టైర్లు అలాగే పనికొచ్చాయి. 10.00-20 టైరు వేసుకునేవాళ్లు 7.50 రిమ్ము చూసుకోవాలి. కొత్త డిస్కుల ధరలో సగం కూడా పడలేదు. పాతవి కొనేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు. బోల్టు రంధ్రాల చుట్టూ గీకించి పగుళ్లు చూడండి, లాక్ రింగు (టైరు రిమ్ము నుంచి ఊడకుండా పట్టే ఇనుప రింగు) కూర్చునే గాడి తుప్పు తిని ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. రింగు సరిగా కూర్చోకుండా గాలి పడితే ఆ రింగు ఎగిరొచ్చి ప్రాణం తీస్తుంది. పంక్చర్ షాపులో గాలి పట్టేటప్పుడు చక్రానికి గొలుసు చుట్టమని అడగండి, మనం కూడా ఎదురుగా నిలబడకూడదు. దీన్ని ఎగతాళి చేసే కుర్రాళ్లు ప్రతి షాపులో ఒకడుంటాడు.

డిస్కుకు అందంగా రంగేయించి, ఆ రంగు మీదే నట్లు బిగించడం ఇంకో జాడ్యం. మందంగా వేసిన రంగు బరువుకు నలిగి పలచబడుతుంది, ఆ మేరకు నట్టు వదులవుతుంది. మేం హబ్బుకూ డిస్కుకూ అతుక్కునే చోట రంగు మొత్తం గీకేశాం. ఎదురెదురు నట్లు బిగించుకుంటూ వచ్చి, మొదటి లోడు దించాక మళ్లీ పానా వేశాం. ఎడమ చక్రానికి ఉల్టా మర ఉండే పాత లారీ హబ్బులు కూడా బజారులో తగులుతాయి, విప్పేముందు మర ఎటు తిరిగిందో చూసుకోండి.

ఇక వాడకంలో. బేరింగులకు తిరుగులేదు. చక్రం తిప్పుతూ నట్టు గట్టిగా బిగించి, తర్వాత ఒక గాడి వెనక్కి వదిలి పిన్ను పెట్టడం మా డ్రైవర్‌కు అలవాటైంది. లోడుతో కొంతదూరం వెళ్లాక హబ్బు మీద చెయ్యి ఆనించి చూస్తాడు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే బిగువు ఎక్కువైనట్టో, గ్రీజు పోయినట్టో.

విసిగించింది ఆయిల్ సీళ్లు, అంటే హబ్బులో గ్రీజు బయటికి పోకుండా, నీళ్లు లోపలికి రాకుండా ఆపే రింగులు. విడవలూరు వైపు రొయ్యల గుంటలకు మేత తోలినప్పుడు చక్రాలు ఉప్పునీళ్లలో దిగుతాయి. పరుగు మీద వేడెక్కిన హబ్బు ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు పక్కనుంచి నీళ్లు లోపలికి లాక్కుంటుంది. విప్పి చూస్తే గ్రీజు పాలు పోసిన కాఫీలా ఉంది. అప్పట్నించీ గుంటల సీజన్ అయిపోగానే రెండు హబ్బులూ విప్పి, కడిగి, కొత్త సీళ్లతో, కొత్త గ్రీజుతో కూర్చోబెట్టిస్తున్నాం. వడ్లు మాత్రమే తోలేవాళ్లకు ఇంత అవసరం పడదు.

ఇంకో లోటు: ఈ లారీ డిస్కుల లోతు వేరు కావడంతో చక్రాలు పాతవాటికన్నా కొంచెం బయటికి వచ్చాయి. లోడుతో పొలం గట్టు మీద పోయేటప్పుడు జాగ్రత్తగా నడపాలి. పైగా చక్రం బయటికి జరిగేకొద్దీ బయటి చిన్న బేరింగు మీద బరువు పెరుగుతుంది. మాకు ఇంతవరకూ అది ఇబ్బంది పెట్టలేదు గానీ, గ్రానైట్ రాళ్లు తోలే చీమకుర్తి వాళ్లకు ఈ డిస్కులు చెప్పను. వాళ్లు ఇరుసుతో సహా పెద్ద సెట్టుకు వెళ్లడం మంచిది.

స్టడ్లు రెండు మార్చాల్సి వచ్చింది, నెల్లూరులో అడిగిన మొదటి షాపులోనే దొరికాయి. పాత హబ్బుతో ఉన్నప్పుడు ఇదే పనికి ట్రక్కు వారంపాటు షెడ్డులో నిలబడేది. ఇప్పుడు బేరింగు నంబర్లు, సీలు కొలత, పీసీడీ, టైరు సైజు అన్నీ తొట్టి ముందు రేకు మీద తెల్ల పెయింటుతో రాయించి పెట్టాం. ట్రక్కు ఎవరు తీసుకెళ్లినా దాన్ని ఫొటో తీసి షాపుకు పంపితే, బస్సులో సామాను వచ్చేస్తుంది.