బటన్లు బాగున్నాయని నమ్మి తిరిగాం: ములుగు రోడ్డు టైర్ల షాపుకు నాలుగు స్టార్లు

నాలుగు స్టార్లే ఇస్తున్నా. ఐదోది ఎందుకు కోశానో కింద రాస్తా, ముందు ఈ షాపు దాకా ఎందుకు రావాల్సి వచ్చిందో చెప్పాలి.

మా బాపుది 2014 ఆల్టో 800. హన్మకొండలో కూరగాయలకు, గుడికి, ఎప్పుడన్నా పరకాలలో మా మేనత్త వాళ్లింటికి, అంతే దాని తిరుగుడు. పన్నెండేళ్లలో 31 వేల కిలోమీటర్లు. మిగతా టైమంతా గేటు ముందు ఎండలో నిలబడి ఉంటుంది. 2019 దసరాకు ముందు రెండు టైర్లకు పక్కన ఉబ్బులొస్తే నాలుగూ మార్పించాం. అప్పుడు వెళ్లింది వేరే షాపు, పేరు రాయను. "ఫ్రెష్ స్టాక్ సార్, నిన్ననే దిగింది" అన్నాడు, నల్లగా నిగనిగలాడుతున్నాయి, నేనూ నమ్మాను.

మొన్న ఏప్రిల్‌లో పిల్లల్ని తీసుకుని రామప్పకు బయల్దేరాం. గూడెప్పాడ్ దాటాక ముందు ఎడమ టైరు పంక్చర్. మేకు కనపడుతూనే ఉంది. స్టెప్నీ తీశా, కంపెనీతో వచ్చిందే, ఒక్కసారి కూడా వాడలేదు, టైరు మీద ఆ సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా ఇంకా అలాగే ఉన్నాయి. బ్రాండ్ న్యూ టైరు కదా అని ధీమాగా బిగించి కదిలాం. కటాక్షపూర్ చెరువు దాటి మల్లంపల్లి దగ్గరికి వస్తుంటే టపటపమని చప్పుడు మొదలైంది, ముందు సన్నగా, తర్వాత ఎవరో చెప్పుతో కారును కొడుతున్నట్టు. స్టీరింగ్ వణికింది. అరవై స్పీడులోనే ఉన్నాం కాబట్టి మెల్లగా పక్కకు తీయగలిగా. దిగి చూస్తే బటన్ల పట్టీ (రోడ్డును తాకే గాళ్ల రబ్బరు) మూరెడు పొడవున లేచి, లోపలి తీగలు కనపడుతున్నాయి. టైరులో గాలి మాత్రం అలాగే ఉంది! మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ భయమేసింది.

ఆటో మాట్లాడుకుని, మేకు దిగిన టైరుకు మల్లంపల్లిలో పంక్చర్ వేయించుకొచ్చి, దాన్నే బిగించి వెనక్కి తిరిగాం. రామప్ప ఇంకోసారి. ఆ పంక్చర్ కుర్రాడు నా స్టెప్నీ చూసి "ఇది టైరు కాదు సారూ, అప్పడం" అన్నాడు. నేను నవ్వలేదు.

మర్నాడు ఈ షాపుకు వెళ్లా. ఓనరు అరవై దాటిన పెద్దాయన, మాట తక్కువ. ఏ టైరు కావాలి, ఎంతలో కావాలి అని అడగలేదు. చాక్‌పీస్ తీసుకుని స్టెప్నీ పక్క గోడ మీద చిన్న గడిలో ఉన్న నాలుగంకెల మీద రుద్దాడు, తెల్లగా తేలింది: 0914. "గిది సదువు సారూ" అన్నాడు. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2014లో తొమ్మిదో వారం. నేల తాకని టైరుకు పన్నెండేళ్లు. తర్వాత కారు కిందికి వంగి, టార్చి వేసి మిగతా నాలుగూ చూపించాడు (ఈ అంకెలు చాలా టైర్లకు ఒక పక్కనే ఉంటాయి, ఆ పక్క లోపలికి పడితే పడుకుని చూడాల్సిందే). 2216. నాలుగింటికీ అదే. అంటే 2019లో నాకు "నిన్ననే దిగింది" అని అమ్మినవి 2016 వేసవిలో తయారైనవి, మూడేళ్లకు పైగా ఏ గోదాములోనో మగ్గినవి. ఇప్పుడు వాటికి పదేళ్లు నిండబోతున్నాయి.

ఇక్కడ బాపుతో పంచాయితీ. "బటన్లు నిక్షేపంగ ఉన్నయ్ గదరా, గుండు కూడా కాలే, ఎందుకు దండగ?" అంటాడు. ఆయన మాటలో తప్పు లేదు, మనమంతా చూసేది బటన్లే కదా. చట్టం కూడా బటన్ లోతే చెప్తుంది: కారుకు కనీసం 1.6 మిల్లీమీటర్లు, బైకుకు, ఆటోకు 0.8. గాడి లోపల అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి, బటన్ అరిగి ఆ గట్టుతో సమానమైతే కారు టైరు పని అయిపోయినట్టే. కానీ వయసు సంగతి మనమే చూసుకోవాలి. పెద్దాయన బాపు వేలు పట్టుకుని మరీ పక్క గోడ మీద పెట్టించాడు, టైరును బొటనవేళ్లతో నొక్కి వంచితే సన్నగా నెర్రెలు విచ్చుకున్నాయి, ఎండాకాలం ఎండిన చెరువులా. బాపు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, ఇంక మాట్లాడలేదు.

నాకు కొత్తగా తెలిసింది ఏంటంటే, తక్కువ తిరిగే కారు టైరే త్వరగా పాడవుతుందట. రబ్బరులో నెర్రెలు రాకుండా కాపాడే మైనం లాంటి పదార్థాలు కలుపుతారు, చక్రం తిరిగి టైరు వంగుతూ లేస్తూ ఉంటేనే అవి పైకి వస్తాయి. నిలబెట్టిన కారుకు ఆ పని జరగదు. దానికి తోడు మన ఎండ, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్. రబ్బరు గట్టిపడిపోతుంది, లోపలి ఉక్కు తీగలకూ రబ్బరుకూ పట్టు వదులుతుంది, పైన బటన్లు మాత్రం పెళ్లికొడుకులా ఉంటాయి. స్టెప్నీకి ఎండ తగలకపోయినా వేడి, గాలి తప్పవు కదా.

చాలా టైర్ల కంపెనీలు ఐదేళ్లు దాటాక ఏడాదికోసారి చూపించుకోమని, పదేళ్లు నిండితే ఎంత బాగున్నా తీసేయమని, స్టెప్నీని కూడా కలిపే చెప్తాయి. కొన్ని కార్ల కంపెనీలైతే ఆరేళ్లకే మార్చమంటాయి. ఇంటికొచ్చాక ఇంకొంచెం చదివా. బ్రిటన్‌లో 2012 సెప్టెంబర్‌లో ఒక బస్సు ముందు టైరు పేలి, చెట్టుకు గుద్దుకుని ముగ్గురు పోయారు, ఆ టైరు వయసు పంతొమ్మిదిన్నర ఏళ్లు. చనిపోయిన ఒకబ్బాయి తల్లి ఏళ్ల తరబడి పోరాడితే 2021 ఫిబ్రవరి 1 నుంచి అక్కడ లారీలు, బస్సుల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లు వాడటం నిషేధించారు. అది చదివాక మా కాలనీ నుంచి పిల్లల్ని తీసుకెళ్లే స్కూలు వ్యాను టైర్ల మీదికి పోయింది నా దృష్టి. రెండు రోజులు మొహమాటపడి మూడో రోజు వంగి చూశా, 2021వి, పర్లేదు.

సరే, షాపు సంగతి. కొత్త టైర్లు చూపించేటప్పుడు బిగించకముందే కాగితం చింపి డేటు చూపిస్తారు, అడగాల్సిన పని లేదు. నాకిచ్చిన ఐదూ 0626, అంటే ఈ ఫిబ్రవరివే. ఐఎస్ఐ గుర్తు కూడా చూపించారు. ఒక్కోటి 2,900 పడింది, బిల్లులో జీఎస్టీ 18 శాతం స్పష్టంగా ఉంది (2025 సెప్టెంబర్ 22కు ముందు 28 ఉండేది). వాల్వులు కొత్తవి వేశారు, పాతవే ఉంచేస్తే అక్కడి నుంచే గాలి పోతుందన్నాడు. మామూలు గాలి బదులు నింపే నైట్రోజన్ వద్దులే అంటే బలవంతపెట్టలేదు, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది, ఆ డబ్బులు మిర్చిబజ్జీకి పెట్టుకోవచ్చు.

ఇంకోటి, బాపు ప్రతి మేలో రెండు పాయింట్లు గాలి తక్కువ కొట్టిస్తాడు, ఎండకు ఉబ్బి పగులుతుందని. మా కాలనీలో సగం మందికి ఇదే నమ్మకం. పెద్దాయన తల పట్టుకున్నాడు. గాలి తక్కువైతే టైరు ఎక్కువ నలుగుతుంది, ఎక్కువ నలిగితే ఇంకా వేడెక్కుతుంది, పగిలేది అందుకే. కంపెనీ ఎంత చెప్పిందో కారు మీదే స్టిక్కర్ ఉంటుంది, డ్రైవరు డోరు తెరిస్తే పక్కనే. పొద్దున బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు అంతే కొట్టించాలి.

ఇప్పుడు ఐదో స్టారు. పాత టైర్లు నాలుగింటికి తలా 200 ఇస్తామన్నాడు అక్కడి కుర్రాడు. ఎక్కడికి పోతాయి తమ్మీ అంటే "పాలిష్ కొడితే మంచిగనే పోతయ్ సార్" అని నవ్వాడు. అంటే నెర్రెలు నల్లరంగులో దాక్కుని ఇంకెవరి కారు కిందికో పోతాయన్నమాట! నాకు డబ్బు వద్దు, నా ముందే పక్క గోడలు కోయండి అన్నా. పెద్దాయన కత్తి తెచ్చి మూడు కోశాడు, నాలుగోదాని దగ్గర ఆగి "ఇది జర మంచిగుంది సారూ" అన్నాడు. అరగంట కింద అదే టైరును వంచి నెర్రెలు చూపించిన మనిషి! మళ్లీ అడిగితే కోశాడు కానీ మొహం మాడ్చుకున్నాడు. ఆ స్టారు అక్కడ పోయింది.

వెళ్లేవాళ్లు పదిన్నర తర్వాత వెళ్లండి, తొమ్మిదికి షట్టర్ తీయరు. నీడ లేదు, కూర్చోడానికి పాత టైర్ల గుట్ట తప్ప కుర్చీ లేదు. అలైన్‌మెంట్ మెషీన్ వాళ్లకు లేదు, నాలుగు షాపుల అవతలికి పంపిస్తారు, దానికి వేరే డబ్బులు. ఆదివారం పోకండి, నాకు మూడు గంటలు పట్టింది.