పాల పుట్టగొడుగుల గదికి తేమ కంట్రోలర్: ఎనిమిది నెలలు వాడాక

తెనాలి దగ్గర మా ఇంటి వెనక గదిలో పాల పుట్టగొడుగులు పెంచుతున్నాను. వీటికి 30 నుంచి 35 డిగ్రీల వేడి, 80 శాతం పైన తేమ కావాలి. ఇదివరకు గోడలకు గోనెపట్టాలు కట్టి రోజుకు నాలుగుసార్లు తడిపేదాన్ని. పెళ్లికి వెళ్లినా మనసంతా ఆ గదిలోనే ఉండేది.

4,200 పెట్టి ఈ కంట్రోలర్ కొన్నాను. తేమ 82కి పడిపోతే ఫాగర్ (నీటిని సన్నటి మంచులా చిమ్మే పరికరం) ఆన్ చేస్తుంది, 88 దాటితే ఆపేస్తుంది. ఆ టెన్షన్ నిజంగానే తీరింది.

బాధంతా తేమ కొలిచే సెన్సర్‌తోనే. మూడో నెలలో తెర మీద 86 ఉంది, గొడుగుల అంచులు మాత్రం ఎండి పగులుతున్నాయి. అనుమానం వచ్చి సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు కలిపి, సెన్సర్‌తో పాటు బిగుతు డబ్బాలో రాత్రంతా ఉంచాను. ఉప్పుతో అలా పెడితే డబ్బాలో తేమ 75 శాతం దగ్గర ఆగాలి. పొద్దున చూస్తే 84! కంపెనీకి ఫోన్ చేస్తే "మీ గదిలో తేమ ఎక్కువండీ, అందుకే పాడైంది" అన్నారు. తేమ గదికని చెప్పే కదా కొన్నాను, చాలా కోపం వచ్చింది. సెట్టింగ్స్‌లో తొమ్మిది తగ్గించుకుని వాడుతున్నాను, నెలకోసారి ఉప్పు పరీక్ష చేస్తున్నాను.

ఇంకో సంగతి. తలుపులన్నీ మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని కాడలు సాగుతాయి, గొడుగులు చిన్నవైపోతాయి. ఈ కంట్రోలర్ ఆ గాలిని కొలవదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి వేరే టైమర్ పెట్టాను. బోరు నీళ్లు పోస్తే ఫాగర్ బిళ్ల మీద తెల్లగా గార కడుతుంది, ఫిల్టర్ నీళ్లే పోయండి.

సెన్సర్ విడిగా మార్చుకునే మోడల్ దొరికితే అదే కొనండి.