పట్టిక బట్టీయా, క్రియ గుర్తింపా?

కావలిలో పదో తరగతి పిల్లలకు సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతూ రెండు దారులూ ప్రయత్నించాను. ఒకటి, వాక్యాన్ని ప్రశ్నగానో మరో రూపంలోకో మార్చే పట్టికను బట్టీ పట్టించడం. రెండోది, ముందుగా క్రియ ఏ రకమో అడగడం.

పట్టిక త్వరగా నోటికి వస్తుంది. కానీ కొత్త వాక్యం ఎదురైతే పిల్లలు తడబడతారు.

క్రియతో మొదలుపెడితే తొలి వారాలు నెమ్మదే. తెలుగులో 'ఆమె నర్సు' అంటే చాలు, క్రియే అక్కరలేదు. అందుకే పిల్లలు 'షి నర్స్' అని రాసేస్తారు. అక్కడ 'ఈజ్' ఉండాలని తెలిశాక, ప్రశ్న కోసం దాన్నే ముందుకు తెస్తారు: 'ఈజ్ షి ఎ నర్స్?' 'హి సెల్స్ ఫిష్'లో అలా ముందుకు జరిపే క్రియ లేదు. కాబట్టి 'డజ్' రావాలి, 'సెల్స్' చివరి ఎస్ పోవాలి: 'డజ్ హి సెల్ ఫిష్?' మనకైతే 'అమ్ముతాడా' అని చివర దీర్ఘం తీస్తే సరిపోతుంది. ఈ తేడా చెప్పకుండా పిల్లల్ని తప్పుపట్టడం అన్యాయం.

కర్మణి వాక్యాల ('పులుసు అమ్మ చేత వండబడింది' లాంటివి) దగ్గర రెండో దారి బలం ఇంకా బాగా తెలుస్తుంది. 'అమ్మ వండింది' అనగానే 'దేన్ని?' అని అడగవచ్చు. చేపల పులుసు అని జవాబొస్తుంది; కర్మణి వాక్యంలో ఆ జవాబే ముందుకు వస్తుంది. 'అమ్మ నిద్రపోయింది'కి ఆ ప్రశ్నే కుదరదు. అందుకే 'స్లీప్' ఉన్న అలాంటి వాక్యాన్ని మార్చబోరు.

నా ఓటు రెండో దారికే. పరీక్ష వారంలో చేరిన పిల్లలకు మాత్రం పట్టికే ఇస్తాను, పక్కన 'దేన్ని?' అనే గడి గీసి.