"టెన్షన్ నాకొదిలేయండి మాస్టారూ" అనే రిటర్ను ఏజెంటుతో జాగ్రత్త

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు ఉన్న జీతగాళ్ళు ఇన్‌కంటాక్స్ రిటర్ను ఏజెంటు చేత వేయించుకునే ముందు ఇది చదవండి. "రీఫండ్ ఎంత వస్తే అందులో పది శాతం నాది" అనేవాడి గడప తొక్కకండి. నేను తొక్కాను.

2024 జూలై ఆఖరి వారం. గడువు 31. మన బాధ తెలిసిందే: ఆఫీసు కాగితం ఒడియాలో, రిటర్ను ఇంగ్లీషులో, భయం మాత్రం తెలుగులో. గిడుగు వారు వాడుక భాష కోసం పోరాడిన ఊరిది. ఆ ఫారం చూసి ఉంటే ఆయన ఇంకో ఉద్యమం మొదలుపెట్టేవారు. జెరాక్స్ కొట్టు వెనక గదిలో కూర్చునే ఒకతను చక్కటి తెలుగులో "టెన్షన్ నాకొదిలేయండి మాస్టారూ" అన్నాడు. మనవాడే కదా అని ఫారం 16 (ఆఫీసువాళ్ళిచ్చే జీతం, పన్నుకోతల కాగితం), పాన్, ఆధార్ ఇచ్చేసి వచ్చాను.

సాయంత్రం ఫోన్ చేసి ఓటీపీ అడిగాడు. యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతూనే ఆరంకెలు చదివి వినిపించాను. చూడని కాగితం మీద సంతకం పెట్టానని అప్పుడు తట్టలేదు. కొన్నాళ్ళకు 37,440 రూపాయలు ఖాతాలో పడ్డాయి. 3,744 అతనికి పంపి, స్టాఫ్‌రూములో ఇంకో ఇద్దరికి అతని నంబరు కూడా ఇచ్చాను. వాళ్ళకి మొహం చూపించడమే ఇప్పుడు అన్నిటికంటే కష్టంగా ఉంది.

2025 జూలై 14న ఆదాయపన్ను శాఖ, రీఫండ్ కోసం ఏజెంట్లు రిటర్నుల్లో చూపించే దొంగ మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. ఆ వార్తలో ఒకచోట ఆగిపోయాను. ఈ ఏజెంట్లలో చాలామంది రిటర్నులు వేయడానికే తాత్కాలిక ఈమెయిళ్ళు తెరిచి, తర్వాత వదిలేస్తారట. నోటీసులు అక్కడే ఎవరూ చదవకుండా పడి ఉంటాయట. నా పాస్‌వర్డ్ నాకే తెలియదు. ఆధార్ ఓటీపీతో మార్చుకుని లోపలికి వెళితే ప్రొఫైల్లో ఉన్న ఈమెయిల్ నాది కాదు.

ఇక రిటర్ను. రాజకీయ పార్టీకి విరాళం 90,000. వినాయక చవితి చందా తప్ప నేనెవరికీ ఏమీ ఇచ్చినవాణ్ణి కాదు. విద్యారుణం వడ్డీ 60,000. మా అమ్మాయి చదివేది ఆరో తరగతి. ఇంటద్దె మినహాయింపు 30,000. మేముంటున్నది మా నాన్న కట్టిన ఇల్లు. మొత్తం 1,80,000. దానిమీద 20 శాతం పన్ను, 4 శాతం సెస్సు కలిపితే సరిగ్గా 37,440. పిల్లలకి లెక్కలు చెప్పే నేను ఈ లెక్క ఏడాది ఆలస్యంగా వేసుకున్నాను.

తర్వాత నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. రాత్రి రెండింటికి లేచి పోర్టల్ తెరవడం, ఏమీ లేకపోతే మళ్ళీ తెరవడం. తప్పుగా చూపించిన ఆదాయానికి పన్నుమీద 200 శాతం జరిమానా పడొచ్చని ఎక్కడో చదివి, బోర్డు మీద భిన్నాలు రాస్తూ 74,880 అని రాసేశాను. పిల్లలు నవ్వారు. ఆ రాత్రే ఇంట్లో చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు (తర్వాత తిట్టింది). క్యాలెండర్ కాగితం చింపి, వెనక ఏ కాగితాలు ఉన్నాయో, ఏవి కావాలో రాయించింది. చీకటి పడ్డాక పోర్టల్ తెరవకూడదని షరతు పెట్టింది. ఆ షరతుతోనే నిద్ర పట్టడం మొదలైంది.

బరంపురంలో ఒక సీఏ దగ్గరికి వెళితే అప్‌డేటెడ్ రిటర్ను, అంటే పాత తప్పు మనమే ఒప్పుకుని దిద్దుకునే రిటర్ను, వేయించారు. అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతిది) ముగిశాక పన్నెండు నెలల్లోపు వేస్తే పన్ను, వడ్డీ కలిపిన మొత్తంమీద 25 శాతం అదనం. ఆలస్యమయ్యేకొద్దీ అది 50, 60, 70 శాతానికి పెరుగుతుంది. నాకు మొత్తం యాభై వేలకు అటూ ఇటూ వదిలింది. పిల్ల స్కూలు ఫీజుకి దాచింది అందులోనే పోయింది.

మీది ఇప్పటికే ఎవరైనా వేసి ఉంటే ఇవాళే లాగిన్ అయి, ప్రొఫైల్లో మొబైలు, ఈమెయిల్ మీవేనా చూడండి. అక్నాలెడ్జ్‌మెంట్ ఒక్క పేజీ చూసి ఊరుకోవద్దు, అందులో మినహాయింపుల వివరాలు ఉండవు. మొత్తం ఫారం దించుకోండి. ఏఐఎస్‌తో (మన ఆదాయం గురించి పన్ను శాఖ దగ్గరున్న వివరాల పట్టిక, పోర్టల్లోనే దొరుకుతుంది), ఫారం 16తో పోల్చి చూడండి. కొత్తగా వేయిస్తుంటే ఫారం కళ్ళారా చూడకుండా ఓటీపీ చెప్పొద్దు. గడువు దాటిపోతుందని కంగారుపెట్టినా సరే. మామూలుగా డిసెంబరు 31 దాకా ఆలస్యపు రిటర్ను వేయొచ్చు. రుసుము గరిష్ఠంగా 5,000, ఆదాయం అయిదు లక్షలు దాటకపోతే 1,000. నాకు పోయినదాంట్లో అది పదో వంతు.

మొన్న అతని దగ్గర్నుంచి వాట్సాప్ వచ్చింది: "మాస్టారూ, ఈసారి ఫారం 16 పంపలేదేం?" జవాబివ్వలేదు. నేను చదివినట్టు నీలం టిక్కులు అతనికి కనబడే ఉంటాయి.