సీడీ షాపు అద్దె, నెల చందా, యాప్‌లో అద్దె: ఏది మేలు?

"ఇన్ని యాప్‌లకి డబ్బులు కడుతున్నాం, తీరా శనివారం రాత్రి కూర్చుంటే చూడ్డానికి ఒక్క సినిమా దొరకదు. పాత సీడీ షాపే నయం." విజయనగరంలో ఈ మాట ఈమధ్య తరచుగా వింటున్నాను. కొట్టిపారేసే మాట కాదు, అలాగని పూర్తిగా ఒప్పుకునేదీ కాదు. షాపులు పోయాయి కానీ అద్దె పోలేదు, ఫోన్లోకి వచ్చి చేరింది. అందుకే ఒకప్పటి షాపునీ, ఇప్పటి నెల చందానీ, యాప్‌లో ఒక్కో సినిమాకి కట్టే అద్దెనీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందుగా షాపు. బొబ్బిలి, సాలూరు, నరసన్నపేట, పలాస లాంటి ఊళ్ళన్నిటా వీడియో లైబ్రరీలు నడిచిన కాలం అది. మొదట క్యాసెట్లు, తర్వాత వీసీడీలు. ఒక్కో వీసీడీలో గంటా పావుకి కాస్త అటూఇటూగా పడుతుంది కాబట్టి తెలుగు సినిమా అంటే రెండు బిళ్ళలు, నిడివి ఎక్కువైతే మూడు. అసలు చిక్కంతా ఆ చివరి బిళ్ళతోనే. సరిగ్గా క్లైమాక్స్ దగ్గర బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయి ఆగిపోయేది. తీసి చొక్కా అంచుతో తుడవడం, టూత్‌పేస్ట్ రాసి రుద్దడం, మళ్ళీ పెట్టడం. అప్పటికీ ఆడకపోతే రేపు షాపుకెళ్ళి మార్చుకోవాల్సిందే.

అయినా షాపులో ఒక గొప్ప సుగుణం ఉండేది. కౌంటర్ వెనక మనిషికి మన ఇల్లు తెలుసు. కవర్ చూసి ఏదో తీయబోతే "ఇది ఇంటిల్లిపాదీ కూకొని సూసీది కాదు బాబూ, ఇంకోటి అట్టుకెళ్ళు" అని చేతిలోది తీసుకునేవాడు. ఇంట్లో ముసలివాళ్ళకి ఏం నచ్చుతుందో, పిల్లల పరీక్షలు ఎప్పుడో కూడా గుర్తుండేది. ఇప్పటి యాప్ మనం చూసినదాన్ని బట్టి అలాంటివే ముందు పెడుతుంది. ఒకే టీవీలో నలుగురు నాలుగు రకాలవి చూస్తే దానికి ఏమర్థమవుతుంది? ఈ ఒక్క విషయంలో మాత్రం షాపుకి సాటి లేదని గట్టిగా చెబుతాను.

సంబరాల సంగతి కూడా చెప్పుకోవాలి. ఊళ్ళో అమ్మవారి సంబరాలప్పుడు టీవీ, డెక్కు (క్యాసెట్ ప్లేయర్) అద్దెకి తెచ్చి వీధి మధ్యలో బల్ల మీద పెట్టి తెల్లవార్లూ సినిమాలు వేసేవారు. యాప్ చందా మనింటి వాడకానికి మాత్రమే, వీధిలో ఊరందరికీ వేయడానికి షరతులు ఒప్పుకోవు.

నిజానికి షాపుకీ చట్టపరంగా బలం తక్కువే. అమెరికాలో క్యాసెట్ కొన్నవాడు దాన్ని అద్దెకి ఇచ్చుకోవచ్చు. మన కాపీరైట్ చట్టంలో అద్దెకిచ్చే హక్కు కూడా సినిమా హక్కుదారుదే. అనుమతి లేకుండా ఇస్తే తప్పే. పైగా థియేటర్లో దొంగచాటుగా కెమెరాతో తీసిన ప్రింట్ల బెడద. వాటి అద్దె డబ్బు సినిమా తీసినవాళ్ళకి చేరేది కాదు. దీన్ని కప్పిపుచ్చి షాపుని పొగడ్డం నాకు ఇష్టం లేదు.

షాపుల్ని జియో చంపేసిందంటారు గానీ, 2016లో జియో వచ్చేసరికే అవి చాలావరకు చతికిలపడ్డాయి. ముందు కేబుల్ టీవీ దెబ్బ తీసింది. 2007లో మోజర్ బేర్ అనే సీడీల కంపెనీ 28 రూపాయలకే వీసీడీ అమ్మడంతో, అద్దెకి తెచ్చేకన్నా కొనుక్కుంటేనే పోలా అనిపించింది. ఆ తర్వాత సెల్ షాపుల్లో మెమరీ కార్డుకి సినిమాలు ఎక్కించడం మొదలైంది. 2004లో సుమారు 9,000 షాపులున్న అమెరికా వీడియో అద్దె కంపెనీ బ్లాక్‌బస్టర్ అంతటిదే 2010లో దివాలా తీసింది.

ఇక నెల చందా. థియేటర్లో వచ్చిన నాలుగైదు వారాలకే చాలా సినిమాలు మంచి ప్రింట్‌తో ఇంటికొస్తున్నాయి. దీనివల్ల ఎక్కువ మేలు ఊరు వదిలి వెళ్ళినవాళ్ళకే అని నా నమ్మకం. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదకి పనికెళ్ళేవాళ్ళు ఫోన్లో సినిమా డౌన్‌లోడ్ చేసుకుని వెళ్తే, సిగ్నల్ లేని చోటా చూసుకోవచ్చు. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ 2021 డిసెంబర్‌లో నెలకి 149 రూపాయలకి దిగింది. ఇలా సినిమాని మనిషి వెంట పంపడం ఏ సీడీ షాపు వల్లా కాలేదు.

కానీ ఒక సినిమా ఒక యాప్‌లో, ఇంకోటి ఇంకో యాప్‌లో. మొన్న ఉన్నది ఇవాళ ఉండదు. డబ్బు కట్టినా యాడ్స్ తప్పడం లేదు: ప్రైమ్ వీడియోలో 2025 జూన్ నుంచి మొదలయ్యాయి, వద్దంటే అదనంగా కట్టాలి.

యాప్‌లో అద్దె సంగతి మనవాళ్ళు పెద్దగా పట్టించుకోరు. ప్రైమ్ వీడియో 2022 ఏప్రిల్‌లో మన దేశంలో ఈ పద్ధతి తెచ్చింది. డబ్బు కట్టాక మొదలుపెట్టడానికి 30 రోజుల గడువు, ఒకసారి మొదలుపెడితే 48 గంటల్లో చూసేయాలి. ప్రైమ్ చందా లేకపోయినా తీసుకోవచ్చు. యూట్యూబ్‌లోనూ ఇలాంటి అద్దె ఉంది. సీడీ షాపు పద్ధతికి అసలైన వారసుడు ఇదే: ఏం చూడాలో ముందే అనుకుంటాం, దానికే కడతాం, గడువు ఉంది కాబట్టి నిజంగా కూర్చుని చూస్తాం.

నెలకి ఒకటో రెండో సినిమాలు చూసే ఇంటికి నేను అద్దెనే సూచిస్తాను. అంతకు మించి చూసేవాళ్ళు చందా తీసుకోండి, కానీ ఒక్కసారికి ఒక్క యాప్ చాలు. నెల ప్లాన్ తీసుకుని, ఆటోపే ఆపేసి, అందులో చూడాల్సినవి అయిపోయాక వచ్చే నెల ఇంకోదానికి మారండి. ఏడాది ప్లాన్ చవకగా కనిపిస్తుంది గానీ, సంవత్సరమంతా దాంట్లో మనకి కావలసినవే వస్తాయని ఎవరు చెప్పగలరు? పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలకైతే రెండూ అక్కర్లేదు. హక్కులున్న కంపెనీలే యూట్యూబ్‌లో చాలావాటిని ఉచితంగా పెట్టాయి. అక్కడా దొరకని సినిమా సీడీ మీ ఇంట్లో ఉంటే మాత్రం పాత సామానువాడికి వేయకండి.