తొమ్మిదేళ్లుగా ఆడుతున్న కారో-కాన్

చదరంగంలో తెల్లపావులు ఈ4 ఆడితే (అక్షరం నిలువు వరసకు, అంకె అడ్డ వరసకు గుర్తు) తొమ్మిదేళ్లుగా నల్లపావులతో నా జవాబు ఒక్కటే: సీ6. ఈ ఆరంభం పేరే కారో-కాన్ డిఫెన్స్. అంతకుముందు ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఇంకో ఆరంభం ఆడేవాణ్ణి. అందులో మొదటి ఎత్తుకే ఈ6 పెట్టగానే తెల్లగడుల బిషప్ ఇంట్లోనే ఇరుక్కుపోయేది. కారో-కాన్‌లో ముందు బిషప్ బయటికొస్తుంది, ఆ తర్వాతే ఈ6. నేను మారింది ఈ ఒక్క కారణానికే.

ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చిన గెలుపు ఓ రాపిడ్ (తక్కువ టైమ్‌లో ఆడే) టోర్నీ ఆఖరి రౌండ్‌లో వచ్చింది. ఈ4 సీ6, డీ4 డీ5, ఈ5 బిషప్ ఎఫ్5, ఆపైన హెచ్4. ఇక్కడ అలవాటుకొద్దీ ఈ6 ఆడితే జీ4, ఎఫ్3, హెచ్5 అంటూ వరసగా బంట్లు తోసి బిషప్‌ను పట్టేస్తారు. నేను హెచ్5 ఆడాను. తెల్లగడుల బిషప్‌లు మారిపోయాయి. కాసేపటికి నా గుర్రం ఎఫ్5లో కూర్చుంది. అక్కణ్ణుంచి డీ4, హెచ్4 బంట్లు రెండింటి మీదా దాని దెబ్బ ఉంటుంది. వాటికి కాపలాగా ప్రత్యర్థి బిషప్ ఎఫ్2లో నిలబడింది, ఇక అక్కణ్ణుంచి కదలడానికి లేదు. పావులు తగ్గిపోయిన ఎండ్‌గేమ్‌లో నేను అంచున ఉన్న ‘ఏ’ వరస బంటును తోస్తూ పోయాను. దాన్ని ఆపడానికి ఆయన రాజు వెళ్లక తప్పలేదు. నా రాజు సీ4 చేరింది, డీ4 బంటు పడింది. ఆయన గడియారం ఆపి చెయ్యి కలిపారు. గుండె దడ తగ్గడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఇలా మెల్లగా పిండడం నేను ఒకప్పటి ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకా ఆటలు చూసే నేర్చుకున్నాను. 1927 న్యూయార్క్ టోర్నీలో ఆయన ఆనాటి మేటి ఆటగాడు నిమ్జోవిచ్‌పై నల్లపావులతో ఇదే డిఫెన్స్ ఆడి 46 ఎత్తుల్లో గెలిచారు. చివర్లో తెల్లవైపు ఏ పావు కదిపినా నష్టమే. ఆ గేమ్‌ను బోర్డు మీద ఎన్నిసార్లు పేర్చుకున్నానో లెక్కలేదు.

జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. తెల్లవైపు గుర్రాన్ని సీ3కి తెచ్చే లైన్‌లో ఈ4 దగ్గర బంట్లు మారాక నేను గుర్రం డీ7 ఆడితే, తెల్ల క్వీన్ ఈ2కి వస్తుంది. చూసుకోకుండా రెండో గుర్రాన్ని ఎఫ్6కి దూకించారా, తెల్లగుర్రం డీ6కి వచ్చి ఆరో ఎత్తుకే మేట్, అంటే రాజు చిక్కి ఆట ముగిసినట్టే. ఎదురుగా తెల్ల క్వీన్ ఉంది, ఈ7 బంటు పక్కకు జరిగితే వెనకున్న రాజు మీద దెబ్బ పడుతుంది కాబట్టి ఆ బంటుతో గుర్రాన్ని కొట్టడానికి వీల్లేదు. మొదటి ఏడాది నేను ఇలాగే ఓడాను.

డీ5 దగ్గర బంట్లు మార్చేసుకునే ఎక్స్ఛేంజ్ లైన్ మాత్రం నాకు ఇప్పటికీ కష్టమే. గెలిచి తీరాల్సిన రౌండ్‌లో అది వచ్చిందంటే టెన్షన్. ఈ మధ్య అందులో బిషప్‌ను జీ4కి తెచ్చే పద్ధతి ప్రాక్టీస్ చేస్తున్నాను.